ఉప్పు డబ్బాకి మూత పెట్టారా?



నూనె ఎన్ని కిలోలు తెచ్చాం, పప్పు ఎన్నాళ్ళు వచ్చింది, ఇవన్నీ మనకు నోటిలెక్కే. ఉప్పుని మాత్రం ఎవరం లెక్కలోకి తీసుకోము. కలవారైనా లేనివారైనా రోజూ, ఇంచుమించు ఒకే పాళ్ళలో తినేది ఉప్పే కదా! అందుకే మన ఒంటికి కావలసిన అయోడిన్‌ని ఉప్పులో కలిపి పంపుతున్నారు.

పెద్దవాళ్ళకి రోజుకి 150 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి. డెబ్భై ఏళ్ళు బతికిన మనిషికి మొత్తం కలిపినా 4 గ్రాములుండదు, చిన్న చెంచాడు. అయితే ఆ చెంచాడూ ఒక్కసారే మింగితే కుదరదు. రోజూ రవ్వంత అందుతూ వుండాలి. అందకపోతే మెడ దగ్గర థైరాయిడ్ గ్రంథి వాచి కాయలా పైకి వస్తుంది. దాన్నే గాయిటర్ అంటారు. అది కంటికి కనిపించేది గనుక భయపడతాం. కనిపించని నష్టం ఇంకా పెద్దది. కడుపుతో వున్న తల్లికి అయోడిన్ బాగా తక్కువైతే లోపల బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. పుట్టాక ఎన్ని టానిక్కులు పోసినా ఆ లోటు తీరదు. అందుకే గర్భిణికి రోజుకి 250 మైక్రోగ్రాములు కావాలన్నారు.

ఉప్పుతో ఈ జబ్బుని ఆపవచ్చని మన దేశంలో చూపించినవారు శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామిగారూ, వారి తోటివారూను. ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో 1956లో పని మొదలుపెట్టారు. అక్కడి ఊళ్ళని మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు ఇప్పించారు. కొన్నేళ్ళకి ఆ రెండు చోట్లా గాయిటర్ బాగా తగ్గింది. మూడోచోట తగ్గలేదు. తరవాత వాళ్ళకీ అయోడిన్ ఉప్పే ఇచ్చారనుకోండి. 1962లో ప్రభుత్వం దేశంలో గాయిటర్ నియంత్రణ కార్యక్రమం ప్రారంభించింది.

"అది కొండలవాళ్ళ జబ్బు, సముద్రం పక్కనున్న మనకేమిటి?" అనకండి. సముద్రపు నీటిని ఎండబెట్టి తీసిన ఉప్పులో అయోడిన్ నామమాత్రమే. వానలకీ వరదలకీ నేలలోది కొట్టుకుపోతుంది. నేలలో లేనిది పంటలోకి ఎక్కడనుంచి వస్తుంది?

ఈమధ్య పట్నాల్లో సైంధవ లవణమనీ, గులాబిరంగు ఉప్పనీ మోజు పెరిగింది. ఖరీదెక్కువైతే మంచిదనుకోవడం మన ఆడవాళ్ళకి కొత్తేమీ కాదు! ప్యాకెట్టు మీద 'అయోడైజ్డ్' అని లేకపోతే అందులో అయోడిన్ కలపలేదన్నమాటే. ముఖ్యంగా కొత్తకోడలు వున్న ఇంట్లో, నెలలు నిండుతున్న పిల్ల వున్న ఇంట్లో ఈ మార్పు చేయకండి. అయోడిన్ ఉప్పుతో ఆవకాయ పాడవుతుందన్న మాట కూడా నమ్మనక్కరలేదు. అయోడిన్ కలిపిన కల్లుప్పు కూడా బజార్లో దొరుకుతోంది.

కిలో ఉప్పులో అయోడిన్ మన చేతికి వచ్చేసరికి 15 మిల్లీగ్రాములకి తగ్గకూడదు. దారిలో పోయేది పోగా మిగిలినదాన్ని మనం పోగొట్టకూడదుగా! పొయ్యిగట్టు మీద ఆవిరి తగిలేచోట మూత లేకుండా ఉప్పు పెట్టకండి. తడి చెంచా ముంచకండి. కల్లుప్పు కడిగి ఎండబెట్టే అలవాటుంటే మానండి, కడుగునీళ్ళతో అయోడినూ పోతుంది. చారులోనైనా కూరలోనైనా దించబోయే ముందు ఉప్పు వేస్తే మేలు. అయోడిన్ కోసమని ఉప్పు ఎక్కువ తినమనడం లేదు సుమండీ! రోజుకి 5 గ్రాములు చాలు. రక్తపోటు వున్నవారు డాక్టరు చెప్పినంతే తినాలి, ఆ తినేది అయోడిన్‌దై వుండాలి.

ఉప్పులాగే మరికొన్నింట్లోనూ కలుపుతున్నారు. పాలలో వెన్న తీసేస్తే దానితోపాటు ఎ, డి విటమిన్లూ పోతాయి, వాటిని మళ్ళీ చేరుస్తారు. కొన్ని నూనెల్లోనూ ఇవే వుంటాయి. అలాంటి ప్యాకెట్ల మీద 'ప్లస్ ఎఫ్' గుర్తు చూడండి. కాగిన నూనెనే మళ్ళీ మళ్ళీ కాస్తే ఎ విటమిన్ నిలవదు.

2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించిన తరవాత రేషన్‌లో వచ్చిన బియ్యంలో కాస్త తేడాగా కనిపించే గింజల్ని చాలామంది ప్లాస్టిక్ అనుకుని ఏరి పారేశారు. అవి బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి మరలో గింజల్లా చేసినవి. నూరు కిలోల బియ్యానికి ఒక కిలో చొప్పున కలుపుతారు. అలాంటి బియ్యం ఇంట్లో వుంటే ఏరకండి, గంజి వార్చకుండా అత్తెసరు పెట్టుకోండి. తలసేమియా వున్న బిడ్డకి మాత్రం డాక్టర్ని అడిగాకే పెట్టాలి.