అంగిట్లో తెల్లమచ్చ: కొరాపుట్, రాయగడ పల్లెలకు చేరాల్సిన మాట

రాయగడ చుట్టుపక్కల వారపు సంతల్లో ఉప్పు, మిరపకాయలు, ఎండుచేపలతో పాటు పొగాకు కూడా ఇంటి సరుకే. కొనేవాళ్లు ఆకు కొస తుంచి, వేళ్ల మధ్య నలిపి, ఘాటు చూసి బేరమాడతారు. అమ్మమ్మ కాల్చింది, అమ్మ కాల్చింది, తనూ కాలుస్తోంది. అలాంటి ఆడమనిషి ముందు నిలబడి "పొగాకు ప్రాణాంతకం" అని బోర్డు చూపిస్తే ఆమెకు అందేది ఏమీ ఉండదు. ఈ ప్రాంతంలో క్యాన్సర్ నివారణ గురించి చెప్పాలంటే ముందు ఆమె చేతిలోని చుట్ట సంగతి మనకు తెలియాలి.

శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లోనూ, వాటిని ఆనుకున్న దక్షిణ ఒడిశాలోనూ చుట్టను తిరగేసి కాల్చే అలవాటు ఉంది. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పొగ పీల్చడాన్ని మనవాళ్లు అడ్డపొగ అంటారు. ఎక్కువగా ఆడవాళ్ల అలవాటు ఇది. నిప్పు నోట్లో ఉంటే గాలికి ఆరిపోదు, బట్టలుతుకుతున్నా తడవదు, చంకలోని బిడ్డ మీద బూడిద రాలదు, ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది. పనిలో మునిగిన మనిషికి ఇవన్నీ సబబైన కారణాలే. ఈ అలవాటుకు జిల్లా సరిహద్దులు తెలియవు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే వరకు కొరాపుట్ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. 1992 అక్టోబరు 2న కొరాపుట్ నుంచి రాయగడ వేరే జిల్లా అయింది. పటంలో గీతలు మారినా, గుణుపురంలోనూ రాయగడలోనూ తెలుగు మాట అలాగే ఉంది.

అడ్డపొగలో జరిగేది ఇది. మామూలు చుట్టలో నిప్పు పెదవికి దూరంగా ఉంటుంది. అడ్డపొగలో నిప్పు, పొగ, బూడిద మూడూ అంగిలి కిందే ఉంటాయి. రోజూ కాలే ఆ చర్మం తనను తాను కాపాడుకోవడానికి మందమై తెల్లబడుతుంది. ఆ తెలుపులో చిన్న చిన్న ఎర్రచుక్కలు కనిపిస్తాయి. అవి లాలాజల గ్రంథుల నోళ్లు, వాచి అలా తేలతాయి. ఏళ్లు గడిచాక కొందరిలో అక్కడక్కడా ఎర్రగా పల్చబడుతుంది, పుండు పడుతుంది. ఆ పుండు మానకపోతే అది క్యాన్సర్ కావచ్చు. మిగతా చోట్ల నోటి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గలోపల, నాలుక మీద, చిగుళ్ల మీద వస్తుంది. అంగిలి క్యాన్సర్ అరుదు. అడ్డపొగ కాల్చే చోట మాత్రం అది అరుదు కాదు.

ఈ క్రమంలోనే ఒక మంచి మాట దాగి ఉంది. తెల్లమచ్చకూ క్యాన్సర్‌కూ మధ్య చాలాసార్లు ఏళ్ల వ్యవధి ఉంటుంది. తెల్లమచ్చలన్నీ క్యాన్సర్లు కావు, చుట్ట మానేస్తే చాలా మచ్చలు వెనక్కి తగ్గుతాయి. నొప్పి పుట్టకముందే కంటికి కనిపించే జబ్బు ఇది. చూడటానికి ఒక టార్చిలైటు, రెండు నిమిషాల సమయం, చూసే కన్ను ఉంటే చాలు.

నచ్చజెబితే పల్లెవాళ్లు మానుతారా అన్న ప్రశ్నకు జవాబు పక్క జిల్లాలోనే దొరికింది. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వైద్యబృందం కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్, మన శ్రీకాకుళం జిల్లాల్లో 36 వేల మందికి పైగా పొగాకు వాడేవాళ్లను ఎంచుకుంది. ఏటేటా వాళ్ల నోళ్లు పరీక్షించి, ఎదురుగా కూర్చుని మాట్లాడి, ప్రచార సాధనాల ద్వారా కూడా చెప్పింది. 1986లో లాన్సెట్ పత్రికలో వెలువడిన ఫలితాల ప్రకారం, అలా చెప్పించుకున్నవాళ్లలో పొగాకు మానినవాళ్లూ తగ్గించినవాళ్లూ పెరిగారు, క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు తగ్గాయి. తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలైన మరో అధ్యయనంలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలే ఇంటింటికీ తిరిగి నోళ్లు చూశారు. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో తేలింది. చూసినవాళ్లు పెద్ద డాక్టర్లు కారన్నది మనం గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

ఇప్పుడు చుట్ట ఒక్కటే కాదు, కుర్రాళ్ల జేబుల్లో ఖైనీ, గుట్కా పొట్లాలు చేరాయి. పొగాకులో బెల్లపుపాకం కలిపి చేసే గుడాకును ఒడిశా పల్లెల్లో చాలామంది పళ్లపొడిలా చిగుళ్లకు రుద్దుకుంటారు. 2016-17 జాతీయ పొగాకు సర్వేలో దేశం మొత్తం మీద పెద్దవాళ్లలో 28.6 శాతం పొగాకు వాడుతుంటే, ఒడిశాలో 45.6 శాతం వాడుతున్నట్టు తేలింది. ఒడిశాలో నమిలే, రుద్దుకునే రకాలు వాడేవాళ్లే 42.9 శాతం. గుట్కాలోని వక్క వల్ల బుగ్గలు లోపల బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు. మీ మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టకపోయినా, కారం తగిలితే మంటపుట్టినా, పుండు రెండు మూడు వారాల్లో మానకపోయినా చూపించుకోవాలి.

ఆడవాళ్లకు ఇంకో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఎక్కువగా హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తుంది. ఆడపిల్లలకు 9 నుంచి 14 ఏళ్ల మధ్య టీకా వేయిస్తే రక్షణ బాగా ఉంటుంది. 30 దాటినవాళ్లకు ఉన్న పరీక్ష తేలికైనది. వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్నే పల్చగా దూదితో అద్ది ఒక నిమిషం ఆగితే చెడిన చోటు తెల్లగా తేలుతుంది. కోత ఉండదు. కొంతమందికి కాస్త చుర్రుమంటుందంతే. ఇక రొమ్ములో గడ్డ, చర్మం సొట్టపడటం, చనుమొన లోపలికి పోవడం, దాని నుంచి రక్తం కారడం కనిపిస్తే నొప్పి లేదని ఊరుకోకూడదు. నొప్పిలేని గడ్డనే ముందు చూపించుకోవాలి.

ఈ మూడు క్యాన్సర్లకూ 30 ఏళ్లు దాటినవాళ్లందరికీ అయిదేళ్లకోసారి ఉచితంగా పరీక్ష చేయాలని కేంద్రం 2016లోనే మార్గదర్శకాలిచ్చింది. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 30-49 ఏళ్ల ఆడవాళ్లలో ఎప్పుడైనా నోటి పరీక్ష చేయించుకున్నవాళ్లు దేశవ్యాప్తంగా 0.9 శాతం. రొమ్ము పరీక్షదీ అంతే. గర్భాశయ ముఖద్వార పరీక్ష 1.9 శాతం. అంటే అప్పటికి పథకం కాగితం మీదే ఉంది, గుమ్మంలోకి రాలేదు.

గుమ్మంలోకి రావాలంటే ముందు భాష దాటాలి. ఈ రెండు జిల్లాల్లో ఒకే సంతలో ఒడియా, దేశియా, కువి, సొర, తెలుగు వినిపిస్తాయి. ఒడియాలో అచ్చయిన కరపత్రం నియమగిరి కొండ మీద డొంగ్రియా కొంధు ఇంట్లో అక్కరకు రాదు. అమెరికా పల్లెల్లో పొలం పనులు చేసే లాటినో కుటుంబాల దగ్గర కూడా ఇదే చిక్కు వచ్చింది. అక్కడ వాళ్లలోంచే కొందరు ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చారు. ప్రొమోతోరాలని పిలిచే ఆ ఆడవాళ్లు వంటింట్లో కూర్చుని స్పానిష్‌లోనే పరీక్షల సంగతి చెబుతారు. మనకు ఆ మనిషి ఇప్పటికే ఉంది. ఆమె మన పల్లె ఆరోగ్య కార్యకర్త ఆశా దీదీ. చిల్లంగి పెట్టారేమో అన్న అనుమానం వచ్చినప్పుడు జనం ముందు వెళ్లేది మంత్రవైద్యుడైన దిసారి దగ్గరికి, కొంధుల్లో పూజారిణి అయిన బేజుణి దగ్గరికి. వాళ్లను చిన్నబుచ్చకుండా, "మానని పుండు కనిపిస్తే మా దగ్గరకూ పంపండి" అని అడిగితే వాళ్లూ తోడవుతారు.

ఇంటి అరుగు మీద మాట ఇలా సాగాలి.

"మామ్మా, ఓపాలి నోరు తెరువు. అంగిలి చూస్తాను."

"నాకేటైందే? నొప్పా పాడా?"

"నొప్పి లేనప్పుడే చూడాలి మామ్మా. నొప్పొచ్చాక చూస్తే ఆలీసమైపోద్ది."

చేయాల్సింది ఒకటే. టార్చి వెలుగు అంగిలి మీద వేసి, గడ్డం కింద చిన్న అద్దం పట్టి ఆ మచ్చను ఆమెకే చూపించాలి. అరవై ఏళ్ల మనిషి తన అంగిలిని తను చూసుకోవడం బహుశా అదే మొదటిసారి అవుతుంది. తెల్లటి పొర, దాని మీద ఎర్రచుక్కలు. "ఇది క్యాన్సర్ కాదు, చుట్ట వేసిన వాత. మానితే తగ్గుతుంది" అని చెప్పాలి. భయపెట్టడం ఎందుకు? నిజమే చాలు. ఒకేసారి మానలేనంటే తిట్టకుండా, ముందు నిప్పు కొస నోట్లోంచి తీయించి, ఆ తర్వాత లెక్క తగ్గించి, చివరికి మానిపించాలి. చుట్టను మామూలుగా కాల్చినా ప్రమాదమే గనుక మానడమే గమ్యమని దాచకుండా చెప్పాలి. సాయం కావాలంటే 1800-11-2356 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది.

అనుమానం వచ్చాక దారి కూడా చూపించాలి. కొరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. బిస్సంకటక్‌లో 1954లో మొదలైన క్రిస్టియన్ ఆసుపత్రి ఉంది. పెద్ద చికిత్సకు కటక్‌లోని ఆచార్య హరిహర్ సంస్థ, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. రాయగడవాళ్లకు పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విశాఖ రైలు కొత్త కాదు. అయినా కూలి పోతుందని, తోడెవరూ లేరని ఆగిపోయేవాళ్లే ఎక్కువ. అందుకే ఏ రోజు, ఏ రైలు, ఏ గది, ఏ కార్డు తీసుకెళ్లాలో చెప్పి, వీలైతే వెంట వెళ్లే మనిషిని కూడా చూడాలి. దారి చూపకుండా మచ్చ చూపిస్తే భయం ఇచ్చి వదిలేసినట్టే.

ఈ పని ఇవాళే మొదలుపెట్టవచ్చు. మీ ఇంట్లో చుట్ట కాల్చే అమ్మమ్మ ఉంటే ఈ సాయంత్రం ఫోన్‌లోని లైటు వెలిగించి, అద్దం పట్టుకుని పక్కన కూర్చోండి. ఆమె నోరు తెరిచేది మీరు చదువుకున్న మనవరాలని కాదు, తన మాటలోనే అడిగారని.