కూత విందాం, లెక్క చూద్దాం

చెడుగుడు తెలియని ఊరు మన దగ్గర లేదు. సంక్రాంతి వచ్చిందంటే పిల్లలు బరి గీస్తారు. ముగ్గుపిండితో గీతలు వేస్తారు. రెండు జట్లు అవుతారు. "కబడ్డీ, కబడ్డీ" అని కూత మొదలవుతుంది. ఈ ఆటనే ఇప్పుడు అందరూ కబడ్డీ అంటున్నారు.

ఒకప్పుడు ఈ ఆట ఊరి బయట మట్టిలో ఆడేవారు. ఇప్పుడు పెద్ద పట్టణాల్లో, మెత్తటి పరుపుల మీద, దీపాల వెలుగులో కూడా ఆడుతున్నారు. టీవీలో చూపిస్తున్నారు. ఆడేవాళ్లకు లక్షల రూపాయలు ఇస్తున్నారు.

గరిడేపల్లిలోనైనా, కోదాడలోనైనా, మిర్యాలగూడలోనైనా టీవీ ఉన్న ఇంట్లో ఈ ఆట చూస్తూనే ఉంటారు. మగవాళ్లు, పిల్లలు ముందు కూర్చుంటారు. ఆడవాళ్లు వంట చేస్తూ అరుపులు వింటారు. "ఎవరు గెలిచిన్రు?" అని అడుగుతారు. ఆట అర్థమైతే అడిగే పని లేదు. మనమే చెప్పొచ్చు. చదవడం, లెక్క చేయడం వచ్చిన ప్రతి అక్కా ఈ ఆటను వెంబడి చూడగలదు.

ప్రో కబడ్డీ అంటే ఏమిటి?

2014 జూలై 26న ప్రో కబడ్డీ లీగ్ అనే పోటీ మొదలైంది. మొదట 8 జట్లు ఉండేవి. 2017 నుంచి 12 జట్లు ఆడుతున్నాయి. ఒక్కో జట్టుకు ఒక్కో ప్రాంతం పేరు ఉంటుంది. పాట్నా, పుణె, జైపూర్, ఢిల్లీ, బెంగళూరు, ఇట్లా. మన తెలుగువాళ్ల జట్టు పేరు తెలుగు టైటాన్స్.

జట్టు తెలుగుదే కానీ, ఆడేవాళ్లంతా తెలుగువాళ్లు కారు. ఆటగాళ్లను వేలంలో తీసుకుంటారు. మొదటి సంవత్సరాల్లో ఈ జట్టుకు పేరు తెచ్చిన రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశ్ వాడు. 2023 వేలంలో పవన్ సెహ్రావత్ అనే ఆటగాడిని టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు తీసుకుంది. ఆయనది ఢిల్లీ. ఈ అంకెను ఇట్లా రాస్తారు: 2,60,50,000. కామాల దగ్గర ఆగి చదవండి. మొదట కోట్లు, తర్వాత లక్షలు, ఆ తర్వాత వేలు.

ఆట ఎట్లా సాగుతుంది?

ఒక్కో జట్టులో 7 మంది బరిలో ఉంటారు. మధ్యలో ఒక గీత ఉంటుంది. ఒక జట్టు నుంచి ఒకరు కూతకు పోతారు. వారిని రైడర్ అంటారు. రైడర్ "కబడ్డీ, కబడ్డీ" అంటూ అవతలి జట్టు వాళ్లను తాకాలి. మళ్లీ తన గీత దాటి రావాలి. దీనికి 30 సెకన్ల సమయం ఉంటుంది. అవతలివాళ్లు రైడర్‌ను పట్టి ఆపాలి.

పాయింట్లు ఇట్లా వస్తాయి.

ఒకరిని తాకి వస్తే 1 పాయింటు. ఇద్దరిని తాకి వస్తే 2 పాయింట్లు. తాకినవాళ్లు ఔట్ అయి బయట కూర్చుంటారు.

రైడర్‌ను పట్టి ఆపితే, పట్టిన జట్టుకు 1 పాయింటు. రైడర్ ఔట్.

లోపల బోనస్ గీత ఉంటుంది. అవతల 6 లేక 7 మంది ఉన్నప్పుడు, రైడర్ ఒక కాలు ఆ గీత దాటించి, రెండో కాలు గాలిలోకి లేపితే 1 పాయింటు అదనం.

అవతల ముగ్గురు, లేక అంతకు తక్కువ మంది ఉండి కూడా రైడర్‌ను పట్టేస్తే, 1 పాయింటు బదులు 2 వస్తాయి. దీన్ని సూపర్ టాకిల్ అంటారు. తక్కువ మంది ఉన్న జట్టు ధైర్యానికి ఇచ్చే బహుమతి ఇది.

అవతలి జట్టు వాళ్లంతా ఔట్ అయితే ఆలౌట్ అంటారు. అప్పుడు 2 పాయింట్లు అదనంగా వస్తాయి. ఔట్ అయిన జట్టు వాళ్లు 7 మందీ మళ్లీ లోపలికి వస్తారు.

ఒక జట్టు వరుసగా రెండు కూతల్లో ఖాళీ చేతులతో తిరిగి వచ్చిందనుకోండి. మూడో కూతలో ఏదో ఒక పాయింటు తేవాలి. తేకపోతే రైడర్ ఔట్. అందుకే మూడో కూతప్పుడు అందరూ ఊపిరి బిగబట్టి చూస్తారు.

ఔట్ అయినవాళ్లు బయటే ఉండిపోరు. తమ జట్టు అవతలివాళ్లను ఒకరిని ఔట్ చేస్తే, బయట ఉన్నవారిలో ఒకరు లోపలికి వస్తారు. బోనస్ పాయింటుకు మాత్రం ఎవరూ లోపలికి రారు. అందుకే పాయింట్లే కాదు, లోపల ఎంత మంది ఉన్నారో కూడా చూడాలె. ముగ్గురే మిగిలిన జట్టు ముందుంజలో ఉన్నా భయం భయంగానే ఆడుతుంది.

మగవాళ్ల ఆట 40 నిమిషాలు. 20 నిమిషాలు కాగానే కాసేపు ఆపుతారు. బరులు మారుస్తారు. మళ్లీ 20 నిమిషాలు ఆడతారు.

ఒక చిన్న లెక్క

రైడర్ కూతకు పోయాడు. అవతల 7 మంది ఉన్నారు. బోనస్ గీత దాటాడు. ఇద్దరిని తాకాడు. తిరిగి వచ్చాడు. ఎన్ని పాయింట్లు?

బోనస్ 1. తాకినందుకు 2. మొత్తం 3. ఒకే కూతలో 3 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ వస్తే దాన్ని సూపర్ రైడ్ అంటారు. ఇప్పుడు అవతల ఎంత మంది మిగిలారు? 7లో నుంచి 2 తీస్తే 5. ఇక బోనస్ వస్తుందా? రాదు. ఎందుకంటే 6 మంది ఉంటేనే బోనస్.

చూశారా! వేళ్ల మీద లెక్క చేసేవాళ్లకు ఇదేమీ కష్టం కాదు. కూలి లెక్క, పాల లెక్క, సంఘం పొదుపు లెక్క చూసేవాళ్లకు ఇది ఇంకా సులువు.

పేపరులో చదవడం

ఆట చూడలేకపోయినా ఫరవాలేదు. మర్నాడు పేపరులో ఆటల పేజీ చూడండి. అక్కడ ఇట్లా ఉంటుంది: "టైటాన్స్ 37–29తో బెంగళూరుపై గెలుపు." ఇది నిజంగా జరిగిన ఆటే. 2024 అక్టోబరు 18న హైదరాబాదులోని గచ్చిబౌలి స్టేడియంలో జరిగింది. 37లో నుంచి 29 తీసేయండి. 8 వస్తుంది. టైటాన్స్ 8 పాయింట్ల తేడాతో గెలిచిందన్నమాట.

పేపరులో ఒక పట్టిక కూడా వేస్తారు. అందులో జట్టు పేరు, ఆడినవి, గెలిచినవి, ఓడినవి, పాయింట్లు అనే గడులు ఉంటాయి. 2025 పోటీల్లో ఒక్కో జట్టు మొదటి దశలో 18 ఆటలు ఆడింది. ఆట గెలిస్తే 2 పాయింట్లు. ఓడితే సున్నా. రెండు జట్లు సమానంగా ఉంటే, చెరో 5 కూతలు ఇచ్చి గెలుపు తేల్చారు. 12 జట్లలో పైన ఉన్న 8 జట్లు ముందుకు పోయాయి.

ఒక జట్టు 10 ఆటలు గెలిచింది అనుకోండి. పాయింట్లు ఎన్ని? పది రెండ్లు ఇరవై. పట్టికలో 20 ఉందో లేదో సరిచూడండి.

ఓడినా విడవని అభిమానం

గెలిచే జట్టును మెచ్చుకోవడం సులువు. ఓడే జట్టును పట్టుకొని ఉండటమే కష్టం. తెలుగు టైటాన్స్ కథ చూడండి.

2015లో ఈ జట్టు సెమీఫైనల్ దాకా పోయింది. 2016లోనూ పోయింది. తర్వాత దిగజారింది. 2021–22లో అన్నిటికన్నా కింద నిలిచింది. 2022లో కూడా ఆఖరే. 2023–24లోనూ ఆఖరే. అప్పుడు 22 ఆటల్లో 2 మాత్రమే గెలిచింది. అంత ధర పెట్టి తెచ్చుకున్న పవన్ ఉండి కూడా జట్టు లేవలేదు. ఒక్కడు ఎంత గొప్పవాడైనా మిగతా ఆరుగురు తోడుంటేనే బండి నడుస్తుందని అప్పుడు అందరికీ తెలిసింది.

అయినా చూసేవాళ్లు చూస్తూనే ఉన్నారు. 2024లో జట్టు కోలుకుంది. 2025లో పోటీలు ఆగస్టు 29న విశాఖపట్నంలో మొదలయ్యాయి. అక్టోబరు 31న ఢిల్లీలో ముగిశాయి. ఆ ఏడు విజయ్ మాలిక్ నాయకుడు. టైటాన్స్ చివరి మూడు జట్లలో ఒకటిగా నిలిచింది. ఫైనల్‌కు ఒక్క అడుగు దూరంలో పుణె జట్టు చేతిలో ఓడింది. ఫైనల్‌లో పుణెను ఓడించి ఢిల్లీ జట్టు కప్పు తీసుకుంది.

టైటాన్స్‌కు కప్పు రాలేదు. కానీ ఆఖరి మెట్టు నుంచి పైకి ఎక్కి వచ్చింది. అన్ని ఏండ్లు ఓపిక పట్టినవాళ్లకే ఆ సంతోషం బాగా తెలిసింది.

జపాన్ దేశంలో సుమో

ప్రతి దేశానికీ తన మట్టి ఆట ఒకటి ఉంటుంది. జపాన్ దేశంలో సుమో అనే కుస్తీ ఉంది. గుండ్రటి బరిలో ఇద్దరు భారీ మల్లులు తలపడతారు. ముందు ఉప్పు చల్లి బరిని శుద్ధి చేస్తారు. బరి దాటి బయట అడుగు పెట్టినవాడు ఓడిపోయినట్టే. అరికాళ్లు తప్ప ఒంట్లో ఏది నేలకు తగిలినా ఓటమే. చాలా ఆటలు కొన్ని సెకన్లలోనే అయిపోతాయి.

సుమో పోటీలు ఏడాదికి 6 సార్లు జరుగుతాయి. ఒక్కోసారి 15 రోజులు. పెద్ద మల్లులు రోజుకు ఒక ఆట ఆడతారు. 15లో 8 గెలిస్తే మల్లుడి స్థానం నిలుస్తుంది, పెరుగుతుంది. 7 మాత్రమే గెలిస్తే కిందికి జారుతుంది. అందుకే అక్కడి అభిమానులు కూడా మనలాగే రోజూ పట్టిక చూసి లెక్క వేసుకుంటారు.

సుమోలో బరువుకు హద్దు లేదు. కబడ్డీలో ఉంది. మగవాళ్లు 85 కిలోలు, ఆడవాళ్లు 75 కిలోలు దాటరాదు.

ఇంకో తేడా ఉంది. డబ్బు కోసం ఆడే ఆ సుమో పోటీల్లో ఆడవాళ్లకు చోటు లేదు. ఆ బరిలోకి వాళ్లను అడుగు కూడా పెట్టనివ్వరు. మరి కబడ్డీలో?

ఆడపిల్లల కూత

కబడ్డీలో ఆడవాళ్లకు చోటు ఉంది. వాళ్ల బరి కొంచెం చిన్నది. ఆట 30 నిమిషాలు.

2010లో ఆసియా క్రీడల్లో ఆడవాళ్ల కబడ్డీ మొదలైంది. ఆ ఏడు మన దేశం బంగారు పతకం గెలిచింది. 2014లోనూ గెలిచింది. 2018లో ఇరాన్ చేతిలో ఓడి వెండి పతకం తెచ్చింది. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో మళ్లీ బంగారం గెలిచింది. చివరి ఆటలో చైనీస్ తైపీపై 26–25. ఒక్క పాయింటు తేడా!

ప్రపంచ కప్పు కూడా రెండుసార్లు మనదే. 2012లో పాట్నాలో ఒకటి, 2025 నవంబరులో ఢాకాలో ఒకటి.

కానీ మగవాళ్ల లీగ్ ఏటా పెద్దగా సాగుతుంటే, ఆడవాళ్లకు ఆ భాగ్యం లేదు. 2016లో ప్రో కబడ్డీతో పాటు మూడు ఆడ జట్లతో చిన్న పోటీ పెట్టారు. అది ఆ ఒక్క ఏడే. దేశానికి బంగారం తెచ్చినవాళ్ల ఆట మనకు టీవీలో అరుదుగా కనిపిస్తుంది.

దీనికి మనం చేయగలిగింది లేదా? ఉంది. అది ఇంట్లోనే మొదలవుతుంది. బడుల్లో 14, 17, 19 ఏండ్ల లోపు ఆడపిల్లలకు కబడ్డీ పోటీలు ఉంటాయి. పెద్దమనిషి అయిందని చాలా ఇండ్లలో ఆట మాన్పిస్తారు.

"ఆడపిల్లకు ఆటలేందే? కాలో చెయ్యో విరిగితే ఎవరు చేసుకుంటరు?" అని అత్త అంటుంది.

"విరిగితే కట్టు కట్టిద్దాం అత్తమ్మా. కట్టేస్తే మాత్రం ఎట్ల కోలుకుంటది?" అని కోడలు అంటే, ఆ ఇంట్లో ఒక కూత బతికినట్టే.

బడిలో వ్యాయామం సారును గానీ టీచరమ్మను గానీ అడగండి. బాగా ఆడేవాళ్లకు రైల్వే వంటి చోట్ల క్రీడల కోటాలో ఉద్యోగాలు కూడా ఉన్నాయి.

రెండు జాగ్రత్తలు

మొదటిది, కూర్చునే చోటు. 2021 మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు మొదలయ్యే వేళ, జనం కూర్చున్న గ్యాలరీ కూలింది. సుమారు వంద మందికి గాయాలయ్యాయి. చూడటానికి వచ్చినవాళ్లు ఆసుపత్రికి పోవలసి వచ్చింది. అందుకే జాతరలోనైనా, పోటీలోనైనా కర్రలతో, ఇనుప పైపులతో కట్టిన మెట్లు ఊగుతుంటే ఎక్కకండి. కిక్కిరిసి ఉంటే పిల్లల్ని ఎక్కించకండి. బయటికి పోయే దారి ఎక్కడుందో ముందే చూసుకోండి. నేల మీద నిలబడి చూసినా ఆట ఆటే.

రెండవది, పందెం. ఎవరు గెలుస్తారని సెల్ ఫోన్‌లో డబ్బు కాస్తారు. మొదట నూరు వస్తుంది. తర్వాత వేలు పోతాయి. పుస్తెలు తాకట్టుకు పోతాయి. తెలంగాణలో ఆన్‌లైన్ పందేలను 2017లోనే నిషేధించారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 2025లో పార్లమెంటు కూడా చట్టం చేసింది. ఇంట్లో ఎవరైనా ఆట చూసేటప్పుడు మాటిమాటికీ ఫోన్ నొక్కుతుంటే, డబ్బు లెక్క అడగండి. ఫోన్‌లో మోసం జరిగి డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

ఆటను ఆటగా చూస్తే ఖర్చు లేదు. మిగిలేది సంతోషమే.

చేసి చూడండి

1. పేపరులో కబడ్డీ వార్త వెతకండి. రెండు జట్ల పేర్లు, పాయింట్లు రాయండి. తేడా ఎంత?

2. ఒక జట్టు 18 ఆటలు ఆడి 7 గెలిచింది. సమానమైనవి లేవు. ఎన్ని ఓడింది? ఆట గెలిస్తే 2 చొప్పున పాయింట్లు ఎన్ని?

3. అవతల ఇద్దరే ఉన్నారు. రైడర్‌ను పట్టేశారు. వాళ్లకు ఎన్ని పాయింట్లు? ఎందుకు?

4. మీ ఊరి బడిలో ఎంత మంది ఆడపిల్లలు కబడ్డీ ఆడుతున్నారు? ఆడనివాళ్లు ఎందుకు ఆడటం లేదు? కేంద్రంలో అందరూ కూర్చొని మాట్లాడుకోండి.