ఇంగ్లీషు వ్యాసం బట్టీ పట్టకుండా రాయడం ఎలా?



ఇంగ్లీషు పరీక్ష అంటేనే మనలో చాలామందికి భయం. అందులో వ్యాసం అంటే మరీ భయం. నేను కూడా మొన్నటిదాకా గైడు చూసి బట్టీ పట్టేదాన్ని. అర్ధ సంవత్సరం పరీక్షలో 'మీ ఊరి పండుగ' గురించి రాయమన్నారు. నాకు దీపావళి వ్యాసం కంఠతా వచ్చు. అదే రాసేశాను. మా ఊరి నిండా మిఠాయి కొట్లు ఉన్నట్టు రాశాను. మా ఊళ్ళో ఉన్నదే ఒక కొట్టు! పదికి రెండు మార్కులు వచ్చాయి.

సార్ పేపరు ఇస్తూ "మీ ఊళ్ళో భూమి పండుగ చెయ్యరా?" అని అడిగారు. చేస్తాం సార్ అన్నాను. "మరి అదెందుకు రాయలేదు?" అన్నారు. ఇంగ్లీషులో రాదు సార్ అని తల దించుకున్నాను.

మా అక్క పదో తరగతిలో అన్నీ పాసయి ఇంగ్లీషు ఒక్కటే తప్పింది. 35 రావాలి, 29 వచ్చాయి. మళ్ళీ ఫీజు కట్టలేదు. ఇప్పుడు మిరపకాయ ఏరడానికి కూలికి పోతోంది. అందుకే నేను పట్టుబట్టి నేర్చుకుంటున్నాను. సార్ దగ్గర తెలుసుకున్నవి మీకూ చెప్తాను.

1. మాటల వరస: తెలుగులో క్రియ చివర వస్తుంది. మా కోయలోనూ అంతే. ఇంగ్లీషులో చేసేవాళ్ళ పేరు పక్కనే క్రియ రావాలి. 'అమ్మ అన్నం వండింది' అనాలంటే 'మదర్ కుక్డ్ రైస్'. ముందు ఎవరు, తర్వాత ఏం చేశారు, ఆ తర్వాత దేన్ని. ఈ మూడూ వేళ్ళ మీద లెక్కపెట్టుకుని రాయండి.

2. క్రియ: రోజూ జరిగే పని ఒక్కరు చేస్తే క్రియ చివర ఎస్ చేర్చాలి. 'మై మదర్ గో' తప్పు, 'మై మదర్ గోస్' ఒప్పు. ఐ, యూ లకి ఎస్ అక్కర్లేదు. నిన్న జరిగితే 'వెంట్'. కానీ 'డిడ్ నాట్' వచ్చిందంటే మళ్ళీ 'గో' అనే రాయాలి. 'డిడ్ నాట్ వెంట్' అని నేను ఎన్నిసార్లు రాశానో!

3. షి, ఇట్: అమ్మ వచ్చింది, మేక వచ్చింది. తెలుగులో రెండిటికీ 'వచ్చింది' అనే అంటాం. ఇంగ్లీషులో అమ్మకి 'షి', మేకకి 'ఇట్'. అమ్మని 'ఇట్' అని రాస్తే మార్కు పోవడమే కాదు, నవ్వుతారు కూడా.

4. ఎ, యాన్: ఇవి అక్షరం చూసి కాదు, శబ్దం విని పెట్టాలి. యూనిఫాం మొదటి అక్షరం యు అయినా పలికేటప్పుడు 'య' వస్తుంది కాబట్టి 'ఎ యూనిఫాం'. అవర్ మొదటి అక్షరం హెచ్ అయినా అది పలకదు కాబట్టి 'యాన్ అవర్'.

5. మాటలు పెంచుకోవడం: మా కోయలో 'ఏరు' అంటే నీళ్ళు. ఒకటో తరగతిలో నాకు దాహమేసి 'ఏరు' అని అడిగితే టీచరు వాగు వైపు చూపించారు. ఎందుకంటే తెలుగులో ఏరు అంటే పారే వాగు. మాట ఒకటే, అర్థం వేరు. ఇంగ్లీషులోనూ ఇలాగే జాగ్రత్త పడాలి. పెద్ద ఇల్లు 'బిగ్ హౌస్', కానీ పెద్దక్కని వ్యాసంలో 'ఎల్డర్ సిస్టర్' అని రాయడం మంచిది. అందుకే మాటని ఒంటరిగా రాసుకోకండి. వాక్యంతో రాసుకోండి.

అన్నిటికీ 'గుడ్' పెట్టకండి. మంచి నేలకి 'ఫర్టైల్', మంచి మనిషికి 'కైండ్', మంచి పండుకి 'స్వీట్' అంటే బాగుంటుంది. కానీ అర్థం తెలియని పెద్ద మాటలు వద్దు. రోజుకి 5 మాటలు నేర్చుకుంటే నెలకి 150 అవుతాయి.

6. చివరి ఐదు నిమిషాలు: రాసింది మళ్ళీ చదవండి. వాక్యం మొదట పెద్ద అక్షరం ఉందా? ఊళ్ళ పేర్లకి ఉందా? ఫుల్‌స్టాప్ పెట్టామా? క్రియకి ఎస్ ఉందా? మన తెలుగులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం లేవు కాబట్టి మరిచిపోతాం.

ఇంకో సంగతి. సి.పి. బ్రౌన్ 1817లో మద్రాసు వచ్చి, అక్కడ తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టారు. 1852లో ఆయన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు అచ్చయింది. మధ్యలో 35 ఏళ్ళు! పరాయి భాష ఎవరికైనా కష్టమే. మనకి తెలుగు కూడా బడికి వచ్చాకే కదా వచ్చింది. అది వచ్చినప్పుడు ఇది రాదా?

నేను భూమి పండుగ గురించి మళ్ళీ రాసి సార్‌కి చూపించాను. విత్తనాలు, పాటలు, ఆడవాళ్ళం దారిలో తాడు పట్టి డబ్బులు అడగడం, అన్నీ చిన్న చిన్న వాక్యాలు. పదికి ఆరు వేశారు. ఎర్ర సిరాతో దిద్దినవి చాలా ఉన్నాయి. కానీ అది మా ఊరే.

ఈ నోట్సు ఇంకో కాపీ రాశాను. సంక్రాంతి సెలవులకి ఇంటికి పోయి మా అక్కకి ఇస్తాను. మళ్ళీ ఫీజు కట్టమని అడుగుతాను.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని