అద్దాల మేడల మధ్య పక్షుల వేట

హైదరాబాదులోని హైటెక్ సిటీని చూడనివాళ్ళు కూడా దాని బొమ్మ చూసే ఉంటారు. 1998లో అక్కడ గుండ్రని సైబర్ టవర్స్ భవనం వెలిసింది. ఆ తరవాత దాని చుట్టూ అద్దాల మేడలు పుట్టగొడుగుల్లా లేచాయి. అలాటి చోటికి పక్షుల కోసం బయలుదేరుదామంటే మీ నాన్నగారు నవ్వవచ్చు. "పావురాలు తప్ప అక్కడేమున్నాయి?" అనవచ్చు. ఆయనను కూడా వెంటబెట్టుకు పోదాం.

దక్షిణ ఆఫ్రికాలో క్రూగర్ అనే పెద్ద అభయారణ్యం ఉంది. పక్షులను చూడటానికి అక్కడికి దేశదేశాల నుంచీ జనం వస్తారు. కాలినడకన తిరగాలంటే తుపాకులు పట్టిన మార్గదర్శులు వెంట ఉంటారు. సింహాలు తిరిగే చోటు కదా! అందరూ ఒకరి వెనక ఒకరుగా, నోరు మెదపకుండా నడవాలి. మన దారిలో సింహాలు లేవు కనక తుపాకీ అక్కర్లేదు. మిగిలిన నియమాలు మాత్రం మనకూ వర్తిస్తాయి.

ఆ అడవిలో అందరూ ముచ్చటపడే పక్షి ఒకటున్నది. దాని రొమ్ము లేత ఊదారంగు, రెక్కలు నీలం. అది మన పాలపిట్టకు దాయాది! పాలపిట్ట తెలంగాణా రాష్ట్ర పక్షి అని మీకు తెలిసే ఉంటుంది. తీగ మీద ఊరికే కూచున్నప్పుడు అది మట్టిరంగు పిట్టలాగే ఉంటుంది. రెక్కలు విప్పి ఎగిరిందా, నీలాలు గుప్పించినట్టుంటుంది. దసరా నాడు దాన్ని చూస్తే మంచిదని పెద్దలు ఊరి పొలిమేర దాకా పోయేవారు. ఈ కాలంలో కొందరు దాన్ని పట్టి, పంజరంలో పెట్టి, వీధివీధికీ తెచ్చి చూపి డబ్బు పుచ్చుకుంటున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. అలా తెచ్చినదాన్ని చూస్తే ఏం పుణ్యం వస్తుందో నాకు తెలియదు. మనం దాన్ని తీగ మీదనే చూద్దాం.

ఎప్పుడు పోవాలి? నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అప్పుడు మన పిట్టలే కాక, చలికి వెరచి ఉత్తరాది నుంచి వచ్చిన చుట్టాలు కూడా ఉంటాయి. ఆదివారం ఎంచుకోండి, ఆఫీసులు ఉండవు కనక రోడ్ల మీద రొద తక్కువ. తెల్లవారేసరికి అక్కడ ఉండాలి. పిట్టలకు రాత్రంతా తిండి లేదు. పొద్దు పొడవగానే తిండికోసం అటూ ఇటూ తిరుగుతాయి, కూస్తాయి. ఎండ ముదిరితే ఆకుల చాటుకు పోతాయి. మీరు తొమ్మిదింటికి తాపీగా ఫలహారం చేసి బయలుదేరితే మీకు కనిపించేవి నిజంగానే పావురాలు!

ఎర్రచొక్కా వద్దు. ఆకురంగుదో, మట్టిరంగుదో వేసుకోండి. మంచినీళ్ళు, టోపీ, నోటుబుక్కు, పెన్సిలు తీసుకోండి. మంచులో చేతులు తడిసినా పెన్సిలు రాత చెరగదు. దుర్భిణి ఉంటే మరీ మంచిది. దాని మీద 8, 42 అని రెండు అంకెలుంటాయి. వస్తువు ఎనిమిది రెట్లు దగ్గరగా కనిపిస్తుందని మొదటిదాని అర్థం. ముందువైపు అద్దం అడ్డుకొలత 42 మిల్లీమీటర్లని రెండోదాని అర్థం. అద్దం పెద్దదైతే ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది. తెల్లవారుజామున అదే కావాలి. ఎక్కువ రెట్లుంటే ఇంకా బాగుంటుందనుకోకండి. చెయ్యి వణికితే ఆ వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది! కొత్తవాళ్ళంతా దుర్భిణి కళ్ళకు పెట్టుకుని పిట్టకోసం చెట్టంతా వెతుకుతారు. ఈలోగా పిట్ట ఎగిరిపోతుంది. ముందు ఉత్త కళ్ళతో పిట్టను పట్టుకోండి. చూపు తిప్పకుండా దుర్భిణిని కళ్ళ ముందుకు ఎత్తండి. ఇంటి దగ్గరే, కొబ్బరిచెట్టు మీది కాకితో రెండు రోజులు సాధన చేయండి.

మొదటి మజిలీ కొత్తగూడ దగ్గరి బొటానికల్ గార్డెన్. ఇది కొత్తగూడ రిజర్వు అడవిలో భాగం. ముందుగా ఎవరి చేతనైనా తలుపులు తీసే వేళ కనుక్కోండి. లోపల నాలుగడుగులు వేసి ఆగండి. అయిదు నిమిషాలు ఎవరూ మాట్లాడకండి. మొదట ఏమీ ఉన్నట్టుండదు. తరవాత ఒక పొద పికిలిపిట్టగా మారుతుంది. "ఊప్, ఊప్" అని లోతుగా మూలిగేది జెముడుకాకి. ఆరేడు బూడిదరంగు పిట్టలు నేలమీద ఎండుటాకులు తిరగేస్తూ గొడవ పడుతుంటాయి. వీటిని ఇంగ్లీషువాళ్ళు "ఏడుగురు అక్కచెల్లెళ్ళు" అంటారు. ఇవి గుర్తుంచుకోండి, వీటితో తరవాత పని ఉంది.

అక్కడి నుంచి దుర్గం చెరువు దగ్గరే. ఒకప్పుడు గోలకొండ కోటకు నీళ్ళిచ్చిన చెరువు ఇది. 2020లో దాని మీద తీగల వంతెన కట్టారు. జనం వంతెన చూస్తారు. మనం వంతెన కింద చూద్దాం. నీటికాకి మునిగి తేలి, రెక్కలు చాచి బట్టలారేసినట్టు ఆరబెట్టుకుంటుంది.

అసలు విందు అమీన్‌పూరు చెరువులో ఉంది. అది మియాపూరు దాటాక వస్తుంది. 2016లో దానికి జీవవైవిధ్య వారసత్వ స్థలమనే గుర్తింపు వచ్చింది. మన దేశంలో ఒక నగరపు చెరువుకు అలాటి గుర్తింపు రావడం అదే మొదలు. పొద్దున సూర్యుడు తూర్పున ఉంటాడు కనక, తూర్పు గట్టున నిలబడి పడమటికి చూడండి. అప్పుడు వెలుతురు పక్షుల మీద పడి రంగులు తెలుస్తాయి. ఎదురెండలో అన్నీ నల్లబాతులే! గరిటెలాటి ముక్కుతో నీళ్ళు జల్లిస్తూ ఈదే బాతు కనిపిస్తే, అది హిమాలయాల అవతలి నుంచి వచ్చిన చుట్టం. గట్టున తీతువు మీ నెత్తిన తిరుగుతూ అరిస్తే వెనక్కు నడవండి. అది గుడ్లు నేలమీదే పెడుతుంది, గులకరాళ్ళలాగా ఉంటాయి. మీ కాలికిందే ఉండవచ్చు.

చూసిన ప్రతిదాన్నీ రాయండి: ఏ పిట్ట, ఎన్ని, ఎక్కడ, ఎన్ని గంటలకు. పేరు తెలియకపోతే బొమ్మ వేయండి. ఎందుకీ శ్రమ అంటారేమో! 1931లో సలీం అలీ అనే శాస్త్రవేత్త నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల పట్టిక తయారుచేశాడు. ఆ కాలంలో పక్షిని గుర్తించాలంటే తుపాకీతో కొట్టి చూసేవారు. ఆనాడు ఏముండేవో మనకు తెలిసేది ఆ పట్టిక వల్లనే. అంత వెనక్కు పోనక్కర్లేదు. 2025 మార్చి ఆఖరున, హైదరాబాదు విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల నేల మీద చెట్లు కొట్టడం మొదలైంది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పని ఆపమన్నది. అక్కడ ఏయే పక్షులున్నాయని అడిగినవారికి చూపటానికి, పక్షులు చూసేవాళ్ళు ఏళ్ళ తరబడి రాసిపెట్టిన పట్టికలు సిద్ధంగా ఉన్నాయి. చెట్లు కొట్టేశాక రాయబోతే ఏం రాస్తాం?

మీకు మార్గదర్శి కావాలంటే, 1980 నుంచి పనిచేస్తున్న హైదరాబాదు పక్షిప్రియుల సంఘమొకటుంది. దాని ఈనాటి పేరు డెక్కన్ బర్డర్స్. తల్లిదండ్రులు వాళ్ళను వాకబు చేయవచ్చు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతటా పక్షుల లెక్క జరుగుతుంది. అందులో చేరటానికి పదిహేను నిమిషాలు చూస్తే చాలు, మేడమీద నుంచయినా సరే.

నోటుబుక్కులో జూన్ నెలకు ఒక పేజీ ఖాళీగా వదలండి. ఆ నెలలో నలుపు తెలుపు పిట్ట ఒకటి, తలమీద కుచ్చుతో కనిపిస్తుంది. అదే చాతకపక్షి! వానచినుకులే తాగుతుందని పెద్దలు చెప్పేది దాన్ని గురించే. వాటిలో ఎన్నో, వానగాలుల వెంట ఆఫ్రికా నుంచి సముద్రం దాటి మన దేశానికి వస్తాయి. గూడు కట్టవు. మన ఏడుగురు అక్కచెల్లెళ్ళ గూటిలో దొంగతనంగా గుడ్డు పెట్టిపోతాయి. కనక జూన్‌లో బొటానికల్ గార్డెన్‌కు మళ్ళీ పోయినప్పుడు, ఆ అక్కచెల్లెళ్ళు ఉన్నట్టుండి గోల పెడితే తలెత్తి పై కొమ్మల్లో చూడండి.