గాజును అతికించే మెరుపు

మిషను తగిలి మా ఊరి కేబులు తెగింది. టవరు ఆగింది, అవ్వ వేలిముద్ర పడలేదు, పింఛను రాలేదు.

మర్నాడు బాగుచేసే అన్న వచ్చాడు. పక్కనే కూచోని చూశా. లోపల రాగి కాదు, గాజుపోగు! పూత తీస్తే 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. చిల్లకూరు వైపు మావాళ్లు కూలికెత్తే తెల్ల ఇసుకా సిలికాయే, ఇదీ సిలికాయే. ఇది బాగా శుద్ధమైంది, అంతే. కొసలోకి తొంగిచూస్తే తిట్టాడు, కనపడని వెలుతురుకి కళ్లు పోతాయంట.

రెండు కొసలు ఎదురెదురుగా పెట్టి మీట నొక్కితే, లోహపు మొనల మధ్య చిన్న మెరుపు. 1,600 డిగ్రీలు దాటితేగానీ ఈ గాజు మెత్తబడదు. ఎక్కువైతే పోగు సన్నబడి వెలుతురు కారిపోతుంది.

ల్యాబుల్లో కావాలనే మిల్లీమీటరు లోపు ఎడంలో వరసగా మెరుపు కొట్టి, ఒక రకం వెలుతురునే కారనిస్తారు. అది గ్రేటింగు. దాంతో వేడి కొలుస్తారు.

సాయంత్రం అవ్వ వేలిముద్ర పడింది.