నల్లబడే సీసా

వేలెడంత గాజు సీసా. లోపల మడతపెట్టిన కాగితం ముక్క. సీసా మీద 20 మిల్లీలీటర్ల దగ్గర ఓ గీత. ఆ గీత దాకా నీళ్లు పోసి, మూత బిగించి, వెచ్చటి చోట రాత్రంతా వదిలేయాలి. పొద్దున్నకి నీళ్లు సిరాలా నల్లబడితే అందులో మలం కలిసిందని అనుమానించాలి. మా అపార్ట్‌మెంటు సంపు నీళ్లు పోసి చూశాను. కాఫీ తాగే వేళకే నల్లబడ్డాయి. ఆ కాఫీ ఏ నీళ్లతో కాచారో అడగొద్దు.

ఎడిటర్‌గారు నాకు అప్పజెప్పింది ఈ సీసా సంగతి కాదు. ‘‘గోవాడ, చోడవరం వైపు డిగ్రీలో మైక్రోబయాలజీ చదివే పిల్లలకి లేబరేటరీ అంటే పంచదార మిల్లు లేబరేటరీయే. జాతీయ పరిశోధన సంస్థల్లో ప్రజారోగ్య మైక్రోబయాలజీ శిక్షణ ఎలా ఉంటుందో రాయండి. శుక్రవారానికి పేజీలు వెళ్లిపోవాలి’’ అన్నారు. కోర్సుల వివరాలు మొదటి బాక్సులో సర్దేశాను. ఆ శిక్షణ దేనికోసమో బ్రోచర్ల కన్నా ఓ పాత పరిశోధన పత్రమే నాకు బాగా చెప్పింది.

1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చిందది. అయిదు పేజీలే. రాసినవారు కె.ఎస్.మంజా, ఎం.ఎస్.మౌర్య, కె.ఎం.రావు. పనిచేసింది గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఈలో. లేబరేటరీ లేనిచోట, మైక్రోబయాలజీ తెలియని మనిషి, తాగే నీళ్లు పాడయ్యాయో లేదో తెలుసుకోవడం ఎలా? ఈ ఒక్క ప్రశ్నకే వాళ్లు జవాబు వెతికారు.

ఇలాంటి పత్రాల్లో నేను ముందు చదివేది తయారీ పద్ధతి. ఇందులో అదే అందం. పెప్టోను, డైపొటాషియం హైడ్రోజన్ ఫాస్ఫేటు, ఫెరిక్ అమ్మోనియం సిట్రేటు, సోడియం థయోసల్ఫేటు, కాస్త టీపాల్ అనే డిటర్జెంటు, నీళ్లు. ఈ ద్రావణం ఒక్క మిల్లీలీటరు కాగితానికి పీల్పించి, సీసాలో వేసి, క్రిమిరహితం చేసి, 50 డిగ్రీల వేడిలో ఆరబెడితే సీసా సిద్ధం. పెప్టోను బ్యాక్టీరియాకి తిండి. టీపాల్ అక్కర్లేని రకాల్ని అణచిపెడుతుంది. పేగుల్లో బతికే బ్యాక్టీరియాలో కొన్ని థయోసల్ఫేటులోని గంధకాన్ని హైడ్రోజన్ సల్ఫైడుగా మారుస్తాయి. అది ఇనుముతో కలిస్తే నల్లటి ఐరన్ సల్ఫైడు. 30 నుంచి 37 డిగ్రీల మధ్య 12 నుంచి 18 గంటలు చాలు. మన ఉత్తరాంధ్ర వేసవిలో ఇంక్యుబేటరే అక్కర్లేదు, వంటింటి గూడు చాలు.

ఇందులో ఓ తమాషా ఉంది. ఇదే థయోసల్ఫేటును నీళ్ల శాంపిలు పట్టే స్టెరైల్ సీసాలో కూడా వేస్తారు. అక్కడ దాని పని వేరు: కుళాయి నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ని విరిచేయడం. అది వేయకపోతే శాంపిలు లేబరేటరీకి చేరేలోపు దారిలోనే క్లోరిన్ బ్యాక్టీరియాని చంపేసి, చెడ్డ నీళ్లని మంచి నీళ్లుగా చూపిస్తుంది. శిక్షణలో మొదటి పాఠం సూక్ష్మదర్శినితో కాదు, ఈ సీసాతోనే మొదలవ్వాలని నా పక్షపాతం. కుళాయి మూతిని కాల్చి శుభ్రం చేయడం, కాసేపు నీళ్లు వదిలేయడం, శాంపిలు పట్టాక ఐసులో పెట్టి వీలైతే ఆరు గంటల్లోపు చేర్చడం... ఇవి తప్పితే ఆ తర్వాత కోట్ల రూపాయల యంత్రం తెచ్చినా చెప్పేది అబద్ధమే.

ఇక లేబరేటరీలో చేసే పెద్ద పరీక్ష. అయిదేసి గొట్టాల వరస మూడు. మొదటి వరసలో ఒక్కోదానికి 10 మిల్లీలీటర్ల నీళ్లు, రెండోదాంట్లో 1, మూడోదాంట్లో 0.1. లోపల ఊదారంగు మెకాంకీ ద్రావణం, అందులో బోర్లించిన బుల్లి డర్హమ్ గొట్టం. 24 గంటలయ్యాక ఓసారి, 48 గంటలయ్యాక ఇంకోసారి చూడాలి. ద్రావణం పసుపుకు తిరిగి, డర్హమ్ గొట్టంలో గాలిబుడగ చేరితే పాజిటివ్. వరసకెన్ని పాజిటివో వర్క్‌షీటులో రాసుకుంటారు: 5, 3, 0 అనుకోండి. అచ్చేసిన పట్టికలో చూస్తే 100 మిల్లీలీటర్లకి సుమారు 80 కోలిఫామ్ బ్యాక్టీరియా అని ఉంటుంది. దాని పక్కనే రిపోర్టులో ఎవరూ రాయని ఇంకో రెండు గళ్లుంటాయి: అసలు సంఖ్య 30 నుంచి 250 దాకా ఎంతైనా కావచ్చట! పేరులోనే ఉంది, మోస్ట్ ప్రాబబుల్ నంబర్. ఇది లెక్క కాదు, చదువుకున్న అంచనా. పంచాయతీ ఆఫీసుకి చేరే కాగితం మీద మాత్రం 80 అనే అంకె ఒక్కటే మిగులుతుంది. నా దృష్టిలో సంస్థల్లో ఏళ్ల తరబడి జరిగే శిక్షణకీ, వారం రోజుల వర్క్‌షాపుకీ తేడా ఆ రెండు గళ్ల దగ్గరే. వర్క్‌షాపు పరీక్ష చేయడం నేర్పి, చేతిలో సర్టిఫికెట్ పెడుతుంది. సంస్థలో సీనియర్ ఉంటాడు. ఫలితం పట్టుకెళ్తే ‘‘కంట్రోల్ ఏమైంది?’’ అనే అడుగుతాడు.

నల్లబడే సీసాకీ ఆ ప్రశ్న తప్పలేదు. లోతు బోర్ల నీళ్లలో సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడుగా మార్చే బ్యాక్టీరియా ఉంటే, మలం లేకపోయినా సీసా నల్లబడొచ్చు. నల్లబడకపోతే నీళ్లు భేషని కూడా కాదు. కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు దీనికి కనపడవు, ఫ్లోరైడు కనపడదు. 2002లో మార్క్ సాబ్సీ, ఫ్రెడరిక్ ఫాండర్ ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం ఈ పద్ధతిని సమీక్షించి, చాలా జాగ్రత్తలే చెప్పారు. అయినా నాకు సీసా మీద మమకారం పోలేదు. అది రాకముందు నీళ్ల గురించి ప్రశ్న అడిగే హక్కు లేబరేటరీ ఉన్నవాడికే ఉండేది. సీసా దాన్ని బిందె పట్టుకున్న మనిషి చేతికిచ్చింది.

ఇప్పుడు అది నిజంగానే ఆ చేతిలో ఉంది. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్‌జీవన్ మిషన్‌లో ప్రతి ఊళ్లో అయిదుగురికి, వీలైనంతవరకూ ఆడవాళ్లకే, కిట్లతో నీటి పరీక్షలు నేర్పాలన్నారు. వానాకాలం రాగానే పేపర్లలో ‘అతిసారం ప్రబలింది’ అనే హెడ్డింగు మామూలే. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో చూశాం. ఎంతమంది పోయారన్న దగ్గరే పేచీ నడిచింది. జనం ఆసుపత్రిలో చేరాక శాంపిళ్లు పట్టడం కంటే వారానికో సీసా నయం. కాకపోతే ఒక్క సీసా చాలదు. మరిగించి చల్లార్చిన నీళ్లతో రెండో సీసా పక్కన పెట్టాలి, సీనియర్ అడిగే కంట్రోల్ అదే. అది కూడా నల్లబడితే తప్పు సీసాదే కావచ్చు, ఆ ఫలితాన్ని నమ్మకూడదు. ఖర్చని ముందు మానేసేది ఆ రెండో సీసానే. మొదటిదొక్కటే నల్లబడితే ఎవరికి చెప్పాలో కూడా నేర్పాలి: గ్రామీణ నీటి సరఫరా విభాగం (ఆర్‌డబ్ల్యూఎస్) లేబరేటరీకి శాంపిలు పంపడం, అదే రోజు ట్యాంకులో క్లోరినేషన్ అడగడం.

ఎడిటర్‌గారు చరిత్ర కూడా కావాలన్నారు కాబట్టి గబగబా: విశాఖ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1899లో గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి మీద మొదలుపెట్టిన విచారణ పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదు చేరింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ప్రజారోగ్యం నేర్పడానికని 1932లో కలకత్తాలో రాక్‌ఫెల్లర్ డబ్బుతో ఓ అఖిల భారత సంస్థ పెట్టారు. ఇక చాలు.

బాక్సు 1: దారెటు?

జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదు తార్నాకలో, ఉస్మానియా యూనివర్సిటీ దగ్గరే ఉంది. విశాఖలో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నకి హైదరాబాదు. పీహెచ్‌డీకి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) పరీక్ష రాయాలి. పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్‌లో దోమలూ ఈగల మీద పబ్లిక్ హెల్త్ ఎంటమాలజీ ఎమ్మెస్సీ ఉంది. చెన్నైలోని ఎపిడెమియాలజీ సంస్థ ఎంపీహెచ్ నడుపుతోంది. ఇవి కాక, ఎమ్మెస్సీ ఆఖరి సెమిస్టరు ప్రాజెక్టు ఏదో ఒక జాతీయ సంస్థలో చేయడానికి ముందునుంచే ఉత్తరాలు రాసుకోవడం మంచిది.

బాక్సు 2: గోవాడకి తెలిసిన సూక్ష్మజీవి

ఒకప్పుడు విశాఖ జిల్లాలోనూ, 2022 నుంచి అనకాపల్లి జిల్లాలోనూ ఉన్న గోవాడ సహకార చక్కెర కర్మాగారం చుట్టూ మైక్రోబయాలజీ తెలియని రైతు లేడు, ఆ పేరుతో కాకపోయినా. చెరకు నరికాక కాటా దగ్గర బండ్లు బారులు తీరితే కర్ర ఎండి బరువు తగ్గడం ఒక నష్టం. రెండోది కంటికి కనపడదు. నరికిన కొసల్లోంచి ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా దూరి, చక్కెరని డెక్స్‌ట్రాన్ అనే జిగటగా మారుస్తుంది. రసం చిక్కబడుతుంది, వడపోత మొరాయిస్తుంది, పంచదార పలుకు సరిగ్గా కట్టదు. కోసిన 24 గంటల్లోపు గానుగాడాలనే తొందర అందుకే. ఇంతకీ ఇది మనిషికి చేసే హాని పెద్దగా లేదు. మిల్లుని ఏడిపించే అదే జిగటని ఈ బ్యాక్టీరియాతోనే కావాలని తయారుచేయించి, శుద్ధి చేసి, రక్తం బాగా పోయినవారికి సెలైన్‌లా ఎక్కిస్తూ వచ్చారు.