కూలీకి గాయమైనచో రైతు విధి

వేంసూరు ప్రాంతమున ఒక కళ్లములో మొక్కజొన్న నూర్చుచుండగా యంత్రమున చేయిపడి ఒక యువకుని బొటనవ్రేలు తెగినది. యజమానియగు రైతు వెంటనే అతనిని ఆసుపత్రికి చేర్చి, మందులకు సొమ్మిచ్చి, పది దినముల కూలియు చెల్లించెను. పిదప మాతో, "అయ్యా, ఏమరుపాటు వానిది. అయినను ధర్మముగా ఇచ్చితిని. ఇక నా బాధ్యత తీరినట్లే గదా?" అనెను. ఆయన మంచివాడే. కాని తీరలేదని మేము చెప్పవలసి వచ్చినది. సంఘ సభ్యులలో పలువురికి ఇదే సందేహము కలదు గనుక సమాధానము నిచ్చట వ్రాయుచున్నాము.

పనిలో గాయపడిన వానికి పరిహారమిచ్చుట దానము కాదు, ఋణము. 1923వ సంవత్సరపు చట్టము ఈ హక్కును కల్పించెను. 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి దానిని కొనసాగించుచున్నది. తప్పు ఎవరిదను విచారణ ఇందు ముఖ్యము కాదు. కూలీ త్రాగి పనిచేసినను, భద్రతా నియమమును కావలెనని మీరినను యజమానికి మినహాయింపు కలదు. సామాన్యమైన ఏమరుపాటునకు లేదు. మరణముగాని శాశ్వత సంపూర్ణ అశక్తతగాని కలిగినచో ఆ మినహాయింపును చెల్లదు. దినకూలి యనియు తప్పించుకొనరాదు. ఆ భేదము 2000లోనే తొలగింపబడినది.

అయితే పట్టికలో పేర్కొనబడిన పనులకే ఈ హక్కు వర్తించును. ట్రాక్టరు, విద్యుత్తు మొదలగు యంత్రశక్తితో సాగు వ్యవసాయము, ఉద్యాన పనులు, చెట్లు నరుకుట, తాటిచెట్లు గీయుట అందు కలవు. మామిడి తోటలు, ఆయిల్ పామ్ తోటలు గలవారు దీనిని గమనింపవలెను.

లెక్క యిట్లుండును. నెలకు 10,000 రూపాయలు సంపాదించు 30 ఏండ్ల వాడు శాశ్వతముగా, సంపూర్ణముగా అశక్తుడైనచో, కూలిలో నూటికి 60 పాళ్లు, అనగా 6,000 రూపాయలను, ఆ వయస్సునకు నిర్ణయింపబడిన 207.98 చేత హెచ్చింపవలెను. 12,47,880 రూపాయలు వచ్చును. బొటనవ్రేలు పోయిన నష్టము నూటికి 30 పాళ్లు గనుక 3,74,364 రూపాయలగును. పై రైతు ఇచ్చిన దానికిని దీనికిని గల దూరమును చదువరులే చూడగలరు.

ఒరిస్సాలోని జయపురమున 1968లో సినిమా హాలు పనిలో ఒక వడ్రంగి పడి, ఎడమచేయి కోల్పోయెను. ఒక చేయి మిగిలినది గనుక సంపూర్ణ అశక్తత కాదని యజమాని వాదించెను. ఒంటిచేతితో వడ్రంగము సాగదనియు, సొమ్ము తీర్పునాటి నుండి గాక ప్రమాదము జరిగిన నాటినుండియే బాకీయనియు సుప్రీంకోర్టు 1975లో నిర్ణయించెను. ఆలస్యము చేసిన కొలది వడ్డీయు, అపరాధ సొమ్మును పెరుగును.

కావున సభ్యులు చేయవలసినవి యివి. కూలీల పేరు, వయస్సు, కూలి పుస్తకమున వ్రాయవలెను. ప్రమాదము జరిగిన దినమున సాక్షులను, ఆసుపత్రి కాగితములను భద్రపరుపవలెను. మరణ పరిహారమును చేతికీయక, కార్మిక శాఖలో ఇందుకు నియమితుడైన అధికారి వద్ద జమ చేయవలెను. లేనిచో చెల్లించినట్లు కాదు. గాయపడినవాడు గాని, మృతుని వారసులు గాని రెండేండ్లలోపున దరఖాస్తు చేసికొనవలెను.

2018లో తెలంగాణ ప్రభుత్వము పెట్టిన రైతు బీమా పట్టాదారు రైతులకు ఉద్దేశింపబడినది; భూమిలేని కూలీకి అది అక్కరకు రాదు. ఇట్టి బాధ్యతకు పాలసీలనిచ్చు బీమా సంస్థలు కలవు. ఒక్కొక్క రైతు మోయలేని భారమును పదిమంది కలిసి మోయుటకే గదా సంఘము వెలసినది? నూర్పిళ్లకు ముందే ఈ విషయమును సభలో చర్చింపుడని కోరుచున్నాము. యంత్రపు కప్పును బిగించుట అన్నిటికంటె చౌకయైన బీమా యని మరువకుందురు గాక.